భావనాబలం - నాట్యాంగశుద్ధి : లూలూ స్వైగార్డ్ జీవితం

నర్తనకు దేహం సాధనమైనా, దానిని నడిపేది మనస్సేనని మన లాక్షణికులు ఏనాడో గుర్తించారు. మనోదేహాల ఈ సంబంధాన్ని శరీరశాస్త్ర మార్గంలో పరిశీలించిన విదుషి అమెరికా దేశీయురాలైన లూలూ స్వైగార్డ్ (1895-1974).

వ్యాయామవిద్యారంగానికి చెందిన ఈమె న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో మేబెల్ టాడ్ (1880-1956) శిష్యురాలైనారు. టాడ్ యౌవనంలో వెన్నుకు దెబ్బ తగిలి నడక దుష్కరం కాగా, భావనాభ్యాసంతో తిరిగి నడవగలిగినారు. తన బోధనాసారాన్ని 1937లో 'ది థింకింగ్ బాడీ' అనే గ్రంథంగా వెలువరించారు. గురువు స్వానుభవంతో గ్రహించిన దానిని శిష్యురాలు కొలతలతో పరీక్షింపబూనారు. అస్థిపంజర విన్యాసంలోని కుడియెడమల వైషమ్యంపై 1939లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు.

కాలు ఎత్తవలెనని ప్రయత్నించే నర్తకి తనకు అలవాటైన కండరాలనే బిగిస్తుంది. ఆ అలవాటే దోషయుక్తమైతే, ఎంత సాధన చేసినా దోషమే దృఢపడుతుంది. స్వైగార్డ్ ఎదుర్కొన్న ప్రధానసమస్య ఇదే. కండరాలను శాసించుట మాని, చలనం ఏ తావు నుండి ఏ దిశకు సాగుతున్నదో మనస్సులో దర్శిస్తే, తగిన కండరాలను నాడీమండలమే ఎన్నుకొంటుందని ఆమె సిద్ధాంతం. వెన్నెముక క్రిందికి సాగుట, పక్కటెముకల గూడు సన్నగిల్లుట, కటి వెనుకభాగం విశాలమగుట మొదలైన తొమ్మిది చలనరేఖలను ఆమె నిర్దేశించారు. శిష్యులు వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, చేతులు ఎదపై చేర్చి, తమ దేహాన్ని మనిషి లేని ఉత్త దుస్తులుగా భావించేవారు.

1956 నుండి జులియార్డ్ నృత్యవిభాగంలో పలువురు నర్తకులకు ఆమె ఈ విద్యను నేర్పినారు. 'ఐడియోకైనసిస్', అనగా భావచలనం, అనే పేరుతో ఇది ప్రసిద్ధమైంది. జీవితకాల పరిశోధనాఫలమైన 'హ్యూమన్ మూవ్‌మెంట్ పొటెన్షియల్' 1974లో వెలువడింది. ఆ సంవత్సరమే ఆమె కీర్తిశేషులైనారు.

అభినయదర్పణంలో హస్తాన్ని దృష్టి, దృష్టిని మనస్సు, మనస్సును భావం అనుసరిస్తాయి. స్వైగార్డ్ మార్గంలో మనస్సు ముందు నడువగా అంగం అనుసరిస్తుంది. మొదటిది రసోన్ముఖం, రెండవది అంగసౌష్ఠవోన్ముఖం. కనుక ఈ రెండూ ఒకటేనని తొందరపడి నిర్ణయింపరాదు. అయినను, అడవులను వేలసార్లు త్రొక్కించుటకు ముందు వాటిని ఒక్కసారి మనస్సులో చూడుమని శిష్యునికి చెప్పుట మన నాట్యాచార్యులకును ఉపాదేయమే.