లింతు నదిని మళ్లించిన ఎషర్

హాన్స్ కాన్రాడ్ ఎషర్ 1767వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిక్ పట్టణమున జన్మించెను. తండ్రి వస్త్ర వర్తకుడు. కుమారుడును ఆ వ్యాపారము నేర్చెను గాని, మనస్సంతయు కొండలమీదనే. ఏటేట ఆల్ప్స్ పర్వతములెక్కి రాళ్లను పరీక్షించుచు, చూచిన లోయలను చిత్రించుచుండెను.

అక్కడ గ్లారుసు కొండలనుండి లింతు నది దిగును. పై లోయలలో అడవులు నరికివేసినందున చరియలు విరిగి, రాళ్లును కంకరయు వరదతో కొట్టుకొని వచ్చెను. వాలెన్ సరస్సునుండి వెలువడు ఏటితో లింతు కలిసికొను చోట ఆ కంకర మేటవేసెను. ప్రియ చదువరులారా, అలుగు పూడిన చెరువు ఏమగునో మీకు తెలియును గదా! సరస్సు పొంగి వేసెన్, వాలెన్‌స్టాట్ ఊళ్ల ఇండ్లలోనికి నీరు వచ్చెను. పచ్చిక బయళ్లు బురదనేల లాయెను. చలిజ్వరము ఇంటింట ప్రవేశించి అనేకులను పొట్టనబెట్టుకొనెను.

నదిని తిన్నగా సరస్సులోనికే మళ్లించినయెడల కంకర ఆ లోతులో దిగిపోవును. తేటనీరు తిన్నని కాలువ గుండ జ్యూరిక్ సరస్సునకు పోవును. ఈ ఉపాయము మొదట ఎషర్‌ది కాదు. బెర్న్‌వాడైన ఆండ్రియాస్ లాంజ్ 1780ల దశకములోనే దానిని గీసి చూపెను. ఆ కాగితము చాలకాలము కాగితముగానే యుండెను. 1804లో రాష్ట్రముల మహాసభ అంగీకరించినను డబ్బు లేదు. వాటాలు అమ్మి సొమ్ము కూర్చి, 1807లో ఎషర్ అధ్యక్షతను పని ఆరంభించిరి. ఆయన జీతము పుచ్చుకొనలేదు. వర్తకుని బిడ్డ గట్లమీద కూలివారితో తిరుగుచు సంవత్సరములు గడిపెను.

1811లో లింతు క్రొత్త దారిని సరస్సులో పడెను. 1816లో రెండవ కాలువ తెరిచిరి. సరస్సు మట్టము క్రమముగా సుమారు 5 మీటర్లు తగ్గెను. బురదనేల ఆరి పొలములాయెను, జ్వరము తగ్గెను. 1823 మార్చి 9న ఎషర్ మరణించెను. ఆ యేటనే ఆయన సంతతికి లింతు నది పేరును ఇంటిపేరులో చేర్చి గౌరవించిరి.

అయితే గీత గీచినట్లున్న కాలువలో చేపలకు గుడ్లుపెట్టు గులకరాళ్ల తావులు కరవాయెను. గట్లును పాతబడెను, 2005 ఆగస్టు వరదకు ఆ లోయవారు మరల భయపడిరి. అందుచేత 2008 నుండి 2013 వరకు గట్లను బలపరచి, కొన్ని చోట్ల వాటిని వెనుకకు జరిపి నదికి వెడల్పు నిచ్చిరి. హెంగెల్‌గీసెన్ వద్ద నీరు ఇప్పుడు వెడల్పుగా పారుచున్నది.