తాళాల పనివాని కొడుకు ఓమ్

ఎక్కడి జర్మనీ, ఎక్కడి కళ్యాణదుర్గం! అయినా 1854లో కన్నుమూసిన ఒక జర్మన్ లెక్కల మాస్టారితో మన వైపు బోరున్న ప్రతి రైతుకూ రోజూ పని పడుతూనే ఉంది. ఆయన పేరు తెలియదు, అంతే. పేరు తెలిసిన మనం మాత్రం ఆయన్ను పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే ఎరుగుదుం.

జార్జి సైమన్ ఓమ్ 1789 మార్చి 16న బవేరియా ప్రాంతంలోని ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి తాళాలు చేసేవాడు. పెద్ద చదువు లేదు, కానీ పగలంతా ఆకురాయి పట్టిన ఆ చేతులతోనే పుస్తకాలు తిరగేసి, తాను నేర్చుకున్న గణితాన్ని కొడుకులకు స్వయంగా చెప్పాడు. ఓమ్ పదేళ్ల వయసులో తల్లి పోయింది. తమ్ముడు మార్టిన్ కూడా తరువాత గణిత శాస్త్రజ్ఞుడయ్యాడు. ఒక పనివాని ఇంట ఇద్దరు గణితజ్ఞులు!

1805లో ఓమ్ తమ ఊరి విశ్వవిద్యాలయంలోనే చేరాడు. చేరి ఏం చేశాడయ్యా అంటే నాట్యం, మంచుమీద జారుడాట, బిలియర్డ్స్. తండ్రికి ఒళ్లు మండింది. మూడు సెమిస్టర్లకే చదువు మాన్పించి స్విట్జర్లాండుకు పంపేశాడు. అక్కడ బడిలో లెక్కలు చెబుతూ, ప్రైవేటు పాఠాలు చెబుతూ, తనంతట తానే చదువుకొని, 1811లో తిరిగొచ్చి డాక్టరేటు పుచ్చుకున్నాడు. కానీ చాలీచాలని జీతం. బాంబెర్గ్‌లో ఒక బడిలో చేరితే ఆ బడే మూతపడింది. చివరికి 1817లో కొలోన్ నగరంలోని హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. అక్కడ ఒక మంచి ప్రయోగశాల ఉండడం ఆయన అదృష్టం, మనదీను.

కరెంటు పారే తీగె దగ్గర అయస్కాంత సూది కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. సూది ఎంత తిరిగితే ప్రవాహం అంత అని ఓమ్ పట్టుకున్నాడు. తండ్రి దగ్గర అబ్బిన పనితనంతో సాధనాలు తానే చేసుకున్నాడు. అయితే 1825లో మొదటి ప్రయత్నం సరిగా రాలేదు. ఆనాటి బ్యాటరీలు మన పల్లె కరెంటు లాంటివి, మొదలుపెట్టినప్పుడున్న బలం కాసేపటికి ఉండదు. నిలకడ లేని మూలంతో కొలిస్తే నిజమైన సూత్రం ఎలా వస్తుంది? అప్పుడు పోగెన్‌డోర్ఫ్ అనే పత్రికా సంపాదకుడు, బ్యాటరీ వదిలి ఉష్ణయుగ్మం వాడమని సలహా ఇచ్చాడు. ఓమ్ బిస్మత్‌నూ రాగినీ జతచేసి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండో అతుకును మంచులో ఉంచాడు. రెంటి ఉష్ణోగ్రతా మారదు కాబట్టి విద్యుత్ బలమూ మారదు. ఆపైన ఒకే మందం గల ఎనిమిది రాగి తీగెలను, 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా, ఒకటి తరువాత ఒకటి పెట్టి కొలిచాడు. 1826లో సూత్రం తేలింది.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి మన పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో దాటేస్తుంది. ఎదురుగా పెట్టిన తీగె ఒక్కటే కాదు, దాని వెనకున్న సాధనమంతా కూడా ప్రవాహాన్ని అడ్డుతుంది, రెండూ కలిపి లెక్క కట్టాలి అని ఓమ్ చూపాడు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం. రెంటినీ గుణిస్తే సామర్థ్యం, వాట్లలో. ఈ రెండో లెక్క ఓమ్‌ది కాదు. తీగెలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని 1841లో ప్రచురించిన జౌల్ వల్ల దానికి దారి ఏర్పడింది.

230 వోల్టుల మీద 1000 వాట్ల నీళ్ల హీటరు తీసుకోండి. కరెంటు 4.35 ఆంపియర్లు, నిరోధం సుమారు 53 ఓములు. వోల్టేజి 160కి పడితే సామర్థ్యం 484 వాట్లే. వోల్టేజి మూడో వంతు కూడా తగ్గలేదు, వేడి సగానికి పైగా పోయింది. హీటరుకు అంతటితో సరి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి.

మోటారు సంగతి వేరు. అది వట్టి తీగె కాదు, తిరిగే యంత్రం. వోల్టేజి తగ్గినా పైకెత్తాల్సిన నీటి బరువు తగ్గదు కాబట్టి ఎక్కువ కరెంటు లాగుతుంది. 8 ఆంపియర్లది 12 లాగిందనుకోండి, వైండింగులో వేడి రెండుంపావు రెట్లు. ఒక ఓము నిరోధమున్న తీగెలో పోయే వోల్టేజి 8 నుంచి 12కు, వృథా అయ్యే సామర్థ్యం 64 వాట్ల నుంచి 144కు పెరుగుతుంది. దాంతో మోటారుకు అందేది ఇంకా తగ్గుతుంది. లైను చివరి పొలాలకు ఇది బాగా తెలుసు. పైగా ఆటో స్టార్టర్ల పుణ్యమా అని, కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కొక్కటి మామూలుకు అయిదారు రెట్లు లాగుతుంది.

పోయిన ఏడు చెనిక్కాయ ఊడలు దిగే వేళకు మా మోటారు రెండుసార్లు కాలింది. వందల అడుగుల నుంచి పీకి, వైండింగు చేయించి, మళ్లీ దించేలోపల పైరు వాడిపోయింది. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది గానీ వైండింగు ఉచితం కాలేదు గదా! మోటారు చెడ్డదని మా నాయన అంటాడు. ఓమ్ అయితే మోటారు దగ్గర ఆగడు. కేబులు మందం, వదులైన అతుకులు, స్టార్టరు కాంటాక్టులు, ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉన్న దూరం, అన్నీ వరసగా కొలుస్తాడు. పొలంలో నిలబడి అలా కొలవగలిగినవాడే ఫిజిక్సు చదివినవాడని నా అభిప్రాయం.

ఇక ఆయన కథ. సగం జీతానికి సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి రాసిన పుస్తకం 1827లో వెలువడింది. దానితో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తుందనుకున్నాడు. స్వదేశంలో దాన్ని పట్టించుకున్నవారే తక్కువ. మనసు విరిగి మరుసటి ఏడు కొలోన్ ఉద్యోగం వదిలేశాడు. బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెబుతూ బతికి, 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాక గాని సొంత దేశం కళ్లు తెరవలేదు. మ్యూనిక్‌లో ప్రయోగ భౌతికశాస్త్ర ఆచార్య పదవి వచ్చేసరికి 1852. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్లు. 1854 జూలై 6న మరణించాడు.

ఇంగ్లండులో కావెండిష్ ఇదే సంబంధాన్ని 1781లోనే పసిగట్టి, ప్రచురించకుండా కాగితాల్లో దాచుకున్నాడు. ఆ కాగితాలను మాక్స్‌వెల్ 1879లో బయటపెట్టాడు. అప్పటికే నియమం ఓమ్ పేర స్థిరపడింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధానికి కొలమానంగా ఓము పేరునే ఆమోదించింది. నిరోధానికి తలకిందులైన వాహకత్వానికి, ఆయన పేరునే తిరగేసి మో అని పెట్టారు. ఇప్పుడు దాని స్థానంలో సీమెన్స్ అంటున్నారు గానీ, మన లాబులో పాత మాస్టార్ల నోట ఇంకా మో అనే వస్తుంది.