బ్రౌను దొర

తాళపత్ర గ్రంథములకు చెదలు, తేమ, అగ్ని శత్రువులు. వ్రాయసకాని యేమరుపాటు అంతకంటె పెద్ద శత్రువు. వీని వాత బడనున్న తెలుగు కావ్యములను కాపాడిన మహనీయులలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను అగ్రగణ్యుడు.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఇంగ్లండులో చదువు ముగించి, 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై మద్రాసు చేరెను. అచ్చట వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. నల్లమల, వెలికొండల నడుమనున్న కొమరోలు సీమకు దక్షిణమున నున్న ఆ పట్టణమే ఆయన సాహిత్యసేవకు ముఖ్యస్థానమయ్యెను.

ఆ కాలమున తెలుగు గ్రంథములు అచ్చుపడుట మిక్కిలి అరుదు. ఒకే పద్యము ఒక ప్రతిలో ఒక విధముగను, వేరొక ప్రతిలో మరియొక విధముగను ఉండెడిది. బ్రౌను కడపలో బంగళా కొని, పండితులకు జీతములిచ్చి పోషించెను. ఊరూర ప్రతులను సేకరింపజేసి, ఒకదానితో నొకటి పోల్చించి, తప్పులు దిద్దించెను. తన జీతము చాలనప్పుడు అప్పులు చేసెనేగాని పని మానలేదు. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. జూలూరి అప్పయ్య మున్నగు పండితుల తోడ్పాటుతో ప్రబంధములను పరిష్కరింపజేసెను. 1852లో వెలువడిన ఆయన నిఘంటువు నేటికిని వాడుకలో నున్నది.

పెక్కు ప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించు ఈ పద్ధతినే నేటి శాస్త్రజ్ఞులును అవలంబించుచున్నారు. జీవుల వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. నాలుగు రసాయనాక్షరముల లిపివంటిది. కంప్యూటరులోని సున్నలను, ఒకట్లను ఆ అక్షరములుగా మార్చి, కృత్రిమముగా డి.ఎన్.ఏ. పోగులను నిర్మింపవచ్చును. 2012లో అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞుడు జార్జి చర్చి, తన సహచరులతో గూడి, ఒక పుస్తకమును అట్లు భద్రపరచెను. ఆ పోగులను నిర్మించునపుడును, చదువునపుడును తప్పులు దొర్లును. అందుచే ఒక్కొక్క భాగమునకు అనేక ప్రతులను చదివి, పోల్చి, సరియైన పాఠమును గ్రహింతురు. ఆకు మారినను, అక్షరము మారినను, సరిచూచు ఓర్పు లేనిదే గ్రంథము నిలువదు.

బ్రౌను తాను సేకరించిన వ్రాతప్రతులను మద్రాసులోని సాహిత్యసంఘమునకు అప్పగించెను. ఉద్యోగము విరమించి స్వదేశమునకు వెడలిన పిదప లండనులో తెలుగు ఆచార్యుడుగా పనిచేసెను. 1884 డిసెంబరు 12వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా యున్న తావున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. పరభాషను తన భాషగా నెంచి, ధనమును, ఆరోగ్యమును లెక్కింపక శ్రమించిన ఆ దొర తెలుగువారికి చిరస్మరణీయుడు.