శ్రమజీవుల అండ – ఫ్రాన్సిస్ పెర్కిన్స్

కలిమి కలిగినప్పుడు అది తమ ప్రతిభాఫలమని, ఎదుటివారికి లేమి సంభవించినప్పుడు అది వారి సోమరితనం వల్ల కలిగినదని భావించడం లోకసహజం. 1920 దశకంలో అమెరికా సమాజంలో ఈ భావన బలంగా వేళ్లూనుకొని ఉండేది. పని చేయగోరినా పని దొరకని మనిషి దుస్థితికి అతడొక్కడే బాధ్యుడు కాడని, అతనిని ఆదుకోవడం దయాధర్మం కాదనీ, ప్రభుత్వ కర్తవ్యమనీ విశ్వసించి, ఆ విశ్వాసాన్ని శాసనరూపంలోకి తెచ్చిన మహిళ ఫ్రాన్సిస్ పెర్కిన్స్. అమెరికా మంత్రివర్గంలో స్థానం పొందిన తొలి వనిత కూడా ఆమెయే.

పెర్కిన్స్ 1880 ఏప్రిల్ 10న బోస్టన్ నగరంలో జన్మించింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో పెరిగింది. మౌంట్ హోలియోక్ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి 1902లో పట్టభద్రురాలైంది. అక్కడ ఆర్థిక చరిత్ర బోధించిన అధ్యాపకురాలు విద్యార్థినులను సమీపంలోని మిల్లులకు పంపి, కార్మికుల స్థితిగతులను స్వయంగా పరిశీలింపజేసింది. కష్టపడి పనిచేసేవారు సైతం పేదలుగా మిగిలిపోవడం పెర్కిన్స్‌ను ఆలోచింపజేసింది. తరువాత షికాగోలో ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, జేన్ ఆడమ్స్ నిర్వహిస్తున్న హల్ హౌస్‌లో వలస కుటుంబాలకు సేవ చేసింది. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టా పొంది, న్యూయార్క్‌లో కార్మిక సంక్షేమ కార్యకర్తగా స్థిరపడింది.

1911 మార్చి 25వ తేదీ ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ సాయంకాలం ఆమె ఒక స్నేహితురాలి ఇంట తేనీటి విందులో ఉండగా, సమీపంలోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగింది. కేకలు విని ఆమె అక్కడికి పరుగెత్తింది. కర్మాగారం పది అంతస్తుల భవనంలో పై మూడు అంతస్తులలో ఉంది. బయటకు వచ్చే ఒక ద్వారానికి తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం వారి నిచ్చెనలు ఆరవ అంతస్తు దాటి అందలేదు. మంటలకు తాళలేక కిటికీల నుండి దూకుతున్న యువతులను ఆమె కన్నులారా చూసింది. 146 మంది మరణించారు. వారిలో అధికులు పొట్టకూటికై వలస వచ్చిన పడుచులు.

ఆ దృశ్యం ఆమెను కన్నీటితో ఆపివేయలేదు, కార్యరంగంలోకి నడిపింది. రాష్ట్రం నియమించిన కర్మాగారాల విచారణ సంఘం తరఫున ఆమె పరిశోధనలు నిర్వహించింది. ఆల్ఫ్రెడ్ స్మిత్, రాబర్ట్ వాగ్నర్ వంటి శాసనసభ్యులను వెంటబెట్టుకొని పోయి, కార్మికులు పనిచేసే చోట్లను ప్రత్యక్షంగా చూపించింది. ఫలితంగా అగ్నిమాపక ఏర్పాట్లు, సులభ నిర్గమన మార్గాలు, పని గంటల పరిమితి వంటి విషయాలపై శాసనాలు వెలువడ్డాయి.

1913లో ఆమె పాల్ విల్సన్‌ను వివాహమాడింది. వారికి ఒక కుమార్తె. కొన్నేళ్లకే భర్త మానసిక వ్యాధికి లోనుకాగా, కుటుంబ భారం ఆమెపైనే పడింది. సంపాదించేవారు పడిపోతే ఇల్లు ఏమవుతుందో ఆమెకు స్వానుభవంలోనే తెలిసింది.

1920 దశకం అమెరికాకు వైభవకాలం. మోటారు కార్లు, రేడియోలు, విద్యుద్దీపాలు సామాన్యుల ఇళ్లకు చేరాయి. వాయిదాల పద్ధతిపై వస్తువులు కొనడం, అప్పు తెచ్చి షేర్లు కొనడం పరిపాటి అయింది. అయితే ఆ వెలుగు రైతులకూ గని కార్మికులకూ అంతగా అందలేదు. 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడసాగాయి. 1930 జనవరిలో అధ్యక్షుడు హూవర్ ఉద్యోగాలు పెరుగుతున్నాయని ప్రకటించగా, అప్పటికి న్యూయార్క్ రాష్ట్ర కార్మిక శాఖకు అధిపతిగా ఉన్న పెర్కిన్స్ తమ గణాంకాలను పరిశీలించి, వాస్తవం అందుకు విరుద్ధంగా ఉన్నదని పత్రికలకు వెల్లడించింది. అధికారంలో ఉన్నవారికి రుచించకపోయినా నిజాన్ని నిజంగా చెప్పడం ఆమె స్వభావం. 1933 నాటికి దేశంలో పనిచేయగలవారిలో సుమారు నాలుగవ వంతు మంది నిరుద్యోగులయ్యారు.

ఆ సంవత్సరం అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆమెను కార్మిక శాఖ మంత్రి పదవికి ఆహ్వానించాడు. పదవి స్వీకరించడానికి ముందే ఆమె తన ఆశయాలను ఆయన ముందుంచింది. నిరుద్యోగులకు సహాయం, ప్రజాపనులు, కనీస వేతనం, బాలకార్మిక నిషేధం, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య పింఛను, ఆరోగ్య బీమా వాటిలో ముఖ్యమైనవి. రూజ్‌వెల్ట్ అంగీకరించిన తరువాతనే ఆమె బాధ్యత చేపట్టింది. న్యూ డీల్ పేరిట సాగిన సంస్కరణలకు ఆమె కృషి వెన్నెముక అయింది.

ఆమె అధ్యక్షత వహించిన సంఘం రూపొందించిన పథకమే 1935 ఆగస్టు 14న సామాజిక భద్రతా చట్టమైంది. కార్మికుని వేతనం నుండి కొంత, యజమాని నుండి అంతే మొత్తం సేకరించి, 65 ఏళ్లు నిండిన వారికి పింఛను ఇవ్వడం దానిలోని ప్రధానాంశం. నిరుద్యోగ భృతికి, ఆధారం లేని బిడ్డల పోషణకు కూడా అందులో చోటు లభించింది. 1938లో వచ్చిన మరొక చట్టం గంటకు 25 సెంట్ల కనీస వేతనం నిర్ణయించి, బాలకార్మిక వ్యవస్థకు అడ్డుకట్ట వేసింది.

ఈ విజయాలు సంపూర్ణమైనవి కావు. 1935 చట్టం పింఛను, నిరుద్యోగ భృతుల విషయంలో వ్యవసాయ కూలీలను, ఇంటిపనివారిని విడిచిపెట్టింది. తత్ఫలితంగా నల్లజాతి శ్రామికులలో అధికభాగం ఆ రక్షణకు దూరమయ్యారు. 1950 దశకంలో చేసిన సవరణలు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దాయి. ఆమె కోరిన ఆరోగ్య బీమా మాత్రం ఆనాడు నెరవేరలేదు.

విమర్శలు ఆమెను వెన్నాడాయి. వలస వచ్చిన ఒక కార్మిక నాయకుని దేశం నుండి పంపివేయలేదన్న నెపంతో 1939లో ఆమెపై అభిశంసన తీర్మానం ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. 1945 వరకు పన్నెండు సంవత్సరాలు ఆమె మంత్రిగా కొనసాగింది. వృద్ధాప్యంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, 1965 మే 14న న్యూయార్క్‌లో కన్నుమూసింది. 1980లో వాషింగ్టన్‌లోని కార్మిక శాఖ భవనానికి ఆమె పేరు పెట్టారు.

కాలుతున్న భవనాన్ని చూసి కంట తడిపెట్టినవారు ఆనాడు ఎందరో ఉన్నారు. ఆ తడి ఆరకముందే కార్యానికి పూనుకొని, పాతికేళ్లు పట్టువిడువక శ్రమించి, దానిని చట్టంగా మార్చినవారు అరుదు. సానుభూతి సహజగుణం కావచ్చు. దానిని శాశ్వతమైన వ్యవస్థగా నిలపడం సాధన వల్లనే సాధ్యమని పెర్కిన్స్ జీవితం బోధిస్తున్నది.