పన్నెండు ఊళ్ల భీం

భీం అనగానే మనకు ఆర్ఆర్ఆర్ సినిమా గుర్తొస్తుంది. నిజానికి కొమురం భీం అల్లూరిని కలిసినట్టు ఆధారాలేం లేవు. ఆయన కథంతా భూమి కాగితం చుట్టూ తిరుగుతుంది. మా జగదేవ్‌పూర్‌లో తాత పట్టా పాస్‌బుక్‌ను ఇనుప పెట్టెలో ఎందుకు దాస్తాడో ఈ కథ చదివాకే అర్థమైంది.

సుమారు 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో గోండుల ఇంట పుట్టాడు. అప్పటికే నిజాం సర్కారు అడవిని రిజర్వు చేస్తోంది. తరతరాల పోడు చేన్లు హద్దు లోపల పడ్డాయి. పశువుల్ని మేపితే పన్ను, కట్టె కొడితే జుర్మానా. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ వెళ్లి, అడవి నరికి సాగు చేసుకుంది. పంట చేతికొచ్చే టైంకి సిద్దిఖ్ అనే ఆయన వచ్చి భూమి నాదన్నాడు. కొట్లాటలో సిద్దిఖ్ చనిపోయాడు. భీం పారిపోయాడు. చాందా వైపు ఒక ప్రెస్‌లో చదవడం, రాయడం నేర్చుకున్నాడని, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడని చెప్తారు.

తిరిగొచ్చాక జోడేఘాట్ చుట్టూ పన్నెండు ఊళ్ల గోండులు, కోలాములు ఆయన వెంట నిలిచారు. వాళ్లు అడిగింది ఆ ఊళ్ల భూమి మీద, అడవి మీద హక్కు, తమ పాలన తమకు. భీం అర్జీతో హైదరాబాద్ దాకా వెళ్లినా వినేవాళ్లు లేరు. 1940లో జోడేఘాట్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. భీం, ఆయనతో ఉన్న కొందరు చనిపోయారు. ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి చేస్తారు.

విచిత్రం ఏంటంటే, ఆయన పోయాకే సర్కారుకు కారణం తెలుసుకోవాలనిపించింది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండుల బతుకు రాశాడు. తర్వాత వేల కుటుంబాలకు పట్టాలొచ్చాయి.

దేశం మొత్తానికి అటవీ హక్కుల చట్టం రావడానికి 2006 దాకా పట్టింది. ఇందులో నాకు నచ్చింది సాక్ష్యం సంగతి. కాగితం లేకపోయినా పెద్దమనిషి చెప్పింది రాసుకుంటే చెల్లుతుంది. సమాధులు, పాత బావులు, దేవుడి స్థలాలు కూడా లెక్కలోకొస్తాయి. డేటాబేస్‌లో ఎంట్రీ లేకపోతే మనిషే లేడనుకునే మా బ్రాంచి వాళ్లకు ఇది కొత్తే!

2023 జూన్ 30న తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. అవి ఒక్కో కుటుంబానికి ఇచ్చిన పట్టాలు. ఊరందరికీ కలిపి అడవి మీద హక్కు ఇచ్చే వీలు కూడా అదే చట్టంలో ఉంది. భీం అడిగింది పన్నెండు ఊళ్లకు కలిపి.