తలగడలో దాగిన వాక్యం

అమెరికా మిషనరీ అదోనిరామ్ జడ్సన్ 1813లో బర్మా చేరాడు. మొదటి విశ్వాసికి బాప్తిస్మమివ్వడానికి ఆరేళ్లు పట్టింది. 1824లో ఇంగ్లీషువారితో యుద్ధం రాగానే గూఢచారి అన్న అనుమానంతో ఆయన్ను ఆవా చెరసాలలో వేశారు. రాత్రిళ్లు సంకెళ్లున్న కాళ్లను వెదురుగడతో పైకెత్తి ఉంచేవారు. ఆయన బర్మా భాషలోకి తర్జుమా చేసిన కొత్త నిబంధన రాతప్రతిని భార్య ఆన్ తలగడలో కుట్టి ఇచ్చింది. ఖైదీలను తరలించినపుడు కావలివారు దాన్ని విసిరేస్తే, ఒక శిష్యుడు గురుతుగా తీసుకెళ్లి దాచుకున్నాడు. నెలల తర్వాత చూస్తే లోపల ప్రతి భద్రంగా ఉంది!

విడుదలయ్యాక 1826లో ఆన్, 1827లో పసికూతురు మరణించారు. జడ్సన్ కుంగిపోయాడు, అడవిలో ఒంటరిగా ఏడ్చాడు. అయినా 1834లో బైబిలంతా తర్జుమా ముగించాడు. బర్మా సంఘాలు నేటికీ దాన్నే చదువుతున్నాయి.

మనుషులు విసిరేసినదాన్ని దేవుడు పోనివ్వడు. శ్రమలో ఉన్న విశ్వాసీ, సహించు!