సాలూరి రాజేశ్వరరావు గారు – వంగ సంగీతపు ఋణం

పాత పాటల కార్యక్రమం ఎక్కడ జరిగినా "మిస్సమ్మ"లోని బృందావనం పాట పాడనిదే సభ ముగియదు. రేవు, ఉక్కు కర్మాగారాల పుణ్యమా అని మన విశాఖలో అన్ని రాష్ట్రాలవారూ ఉన్నారు గనుక, అదే వరుసలోని హిందీ పాటను ఎరిగినవారూ ఆ సభలో ఉంటారు. అప్పుడు ఎవరో ఒక యువకుడు, మన వాళ్ళు హిందీ నుంచి దించేశారని తేల్చేస్తాడు. ఆ మాట విని ఊరుకుంటే మన ప్రాంతపు మహానుభావుడొకరికి అన్యాయం చేసినట్లే. ఆయనే సాలూరి రాజేశ్వరరావు గారు. బెంగాలు నుంచి ఆయన తెచ్చుకున్నదేమిటో, తిరిగి ఇచ్చినదేమిటో మన పిల్లలకు తెలియాలి.

రాజేశ్వరరావు గారు 1922 అక్టోబరు 11వ తేదీన సాలూరు సమీపాన శివరామపురంలో జన్మించారు. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లాలోనిది. జిల్లాల విభజనలో చేతులు మారి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వంటి వారికి ప్రక్కవాద్యం వాయించినవారు. పాటలు కూడా కట్టేవారు. ఇంట్లోనే తాళమూ సాహిత్యమూ రెండూ ఉండటంతో, పిల్లవాడు పది పన్నెండేళ్ళ వయసుకే హచిన్స్ కంపెనీ గ్రామఫోను రికార్డులకు పాడాడు. 1935లో విడుదలైన "శ్రీకృష్ణ లీలలు" చిత్రంలో బాలకృష్ణుడుగా నటించి పాడాడు. కంసుడుగా వేమూరి గగ్గయ్య గారు. ఆంధ్రదేశమంతా ఆ కుర్రవాని గొంతు మారుమ్రోగింది. మరుసటి ఏడాది "మాయాబజార్"లో అభిమన్యుడు వేషం వేశాడు.

తర్వాత సినిమా పనిమీద కలకత్తా ప్రయాణం. ఆ రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే హౌరా నుంచి మన వాల్తేరు వరకు వచ్చేది. ఇక్కడి నుంచి మదరాసుకు మరో కంపెనీ రైలు మార్గం. అంటే మన ఊరు రెండు నగరాలకూ నడిమి మజిలీ. రాజేశ్వరరావు గారి సంగీతం కూడా అటువంటి మజిలీయే అయిందని చెప్పవచ్చు.

అప్పటి కలకత్తా భారతీయ చలనచిత్ర సంగీతానికి పుట్టినిల్లు వంటిది. 1931లో బి.ఎన్. సర్కార్ గారు నెలకొల్పిన న్యూ థియేటర్స్ సంస్థలో ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్, తిమిర్ బరన్, అంధ గాయకుడు కె.సి. డే, వీరందరితో పాటు కె.ఎల్. సైగల్ ఉండేవారు. బెంగాలీలో "భాగ్యచక్ర", హిందీలో "ధూప్ ఛావ్" అన్న పేర్లతో 1935లో తీసిన చిత్రంలో నేపథ్యగానాన్ని ప్రవేశపెట్టినది ఈ సంస్థే. 1937లో "ముక్తి" చిత్రంలో పంకజ్ మల్లిక్ గారు రవీంద్రుని గీతాలను వెండితెరకు తెచ్చారు. ఒకే చిత్రాన్ని బెంగాలీలోనూ, హిందీలోనూ తీయడం అక్కడి అలవాటు. అందువల్ల బెంగాలీ పాట తీరు తిన్నగా హిందీ పాటలోకి ప్రవహించింది. తర్వాత అనిల్ బిశ్వాస్, సచిన్ దేవ్ బర్మన్, సలిల్ చౌధురి, హేమంత్ కుమార్ వంటివారు బొంబాయి చేరి ఆ ప్రవాహాన్ని నదిగా మార్చారు.

రాజేశ్వరరావు గారు సుమారు ఏడాది కలకత్తాలో ఉన్నారు. సైగల్, పంకజ్ మల్లిక్, బోరాల్ గార్ల సాన్నిహిత్యం లభించింది. హిందూస్తానీ సంగీతం నేర్చుకున్నారు. ఆయన అక్కడ నేర్చిన గొప్ప పాఠం ఏమిటో గ్రహించాలంటే అప్పటి మన నాటకాల పాటలను గుర్తు చేసుకోవాలి. మైకు లేని రోజుల్లో చివరి వరుసలోని ప్రేక్షకునికి వినబడేలా ఎత్తైన శ్రుతిలో, సాగదీసిన రాగంతో పద్యం పాడేవారు. మన తొలి టాకీలలోనూ అదే పద్ధతి. కలకత్తా వారు మైకును శత్రువుగా గాక మిత్రునిగా చూశారు. గొంతు తగ్గించి, మాటలోని భావానికి స్వరాన్ని వంచి, పియానో, వయొలిన్లను సన్నగా వెనుక నడిపించారు. రాగం ఉంటుంది, కాని పాండిత్య ప్రదర్శన ఉండదు. జానపదులైన బాఉల్ గాయకుల వరుస, కీర్తన, పాశ్చాత్య వాద్యం ఒకే పాటలో కలిసిపోతాయి.

1938లో మదరాసు తిరిగి వచ్చాక రాజేశ్వరరావు గారు ఈ విద్యను తెలుగు మాటకు అన్వయించారు. 1939లో "జయప్రద" చిత్రానికి సంగీతం సమకూర్చారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి "ఇల్లాలు"లో నటించి పాడారు. రావు బాలసరస్వతి గారితో కలిసి ఆయన ఇచ్చిన గ్రామఫోను రికార్డులు తెలుగు లలిత సంగీతానికి పునాదిరాళ్ళు. తర్వాత జెమినీ సంస్థలో "బాలనాగమ్మ" (1942), "చంద్రలేఖ" (1948). పెద్ద వాద్యబృందాన్ని నడిపించగల శక్తి ఆయనకుందని లోకం తెలుసుకున్నది అక్కడే. 1951లో బి.ఎన్. రెడ్డి గారి "మల్లీశ్వరి" వచ్చింది. కృష్ణశాస్త్రి గారి మాటకు ఆయన కట్టిన వరుసలలో రాగం ఎక్కడా పాటను మ్రింగదు. కలకత్తా పాఠం పూర్తిగా తెలుగైపోయినది ఈ చిత్రంలోనే.

ఇక "మిస్సమ్మ" విషయం. 1955లో వచ్చిన ఈ చిత్రానికి మూలం బెంగాలీ రచయిత రవీంద్రనాథ్ మైత్ర గారి "మన్మొయీ గర్ల్స్ స్కూల్" నాటకం. రచన చేసిన చక్రపాణి గారు బెంగాలీ నేర్చి శరత్ నవలలను మనకు అందించినవారు. కథ బెంగాలుది గాని, పాటలు పింగళి వారివి, వరుసలు రాజేశ్వరరావు గారివి. రెండేళ్ళ తర్వాత, 1957లో, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారే ఈ కథను హిందీలో "మిస్ మేరీ"గా తీశారు. సంగీత దర్శకుడు హేమంత్ కుమార్, రవీంద్ర గీతాలాపనలో పేరు పొందిన బెంగాలీ. మిగిలిన పాటలకు తన వరుసలు కట్టుకున్న ఆయన బృందావనం పాట వద్దకు వచ్చేసరికి మన సాలూరు వారి వరుసనే ఉంచారు. ఎ.ఎమ్. రాజా, సుశీల గార్లు తెలుగులో పాడినదాన్ని రఫీ, లతా గార్లు హిందీలో పాడారు. కనుక దించుకున్నది మనం కాదు. బెంగాలు నుంచి నేర్చిన ఋణం ఒక పాట రూపంలో బెంగాలీ చేతిమీదుగానే తిరిగి చెల్లింది.

అయితే న్యాయం రెండు వైపులా చెప్పాలి. ఆయన పరాయి వరుసలను ఎన్నడూ వాడలేదనడం నిజం కాదు. 1961లో వచ్చిన "ఇద్దరు మిత్రులు"కు బెంగాలీ చిత్రం "తాషేర్ ఘర్", 1962లో వచ్చిన "ఆరాధన"కు "సాగరిక" మాతృకలు. "ఆరాధన"లో నిద్రించే చెలిని తలచుకుంటూ ఘంటసాల గారు పాడిన పాట వరుస "సాగరిక"లో శ్యామల్ మిత్ర పాడినదే. మాతృకలోని వరుసనే ఉంచాలని నిర్మాతలు కోరడం ఆ రోజుల్లో మామూలు. దీన్ని పట్టుకుని ఆయనను తక్కువ చేసేవారున్నారు. కాని వరుసను తీసుకోవడం వేరు, పద్ధతిని నేర్చుకోవడం వేరు. మొదటిది ఒక పాటతో సరి. రెండవది ఒక జాతి పాడుకొనే తీరునే మారుస్తుంది. "విప్రనారాయణ", "చెంచులక్ష్మి", "డాక్టర్ చక్రవర్తి", "బొబ్బిలి యుద్ధం" వింటే ఆ మార్పు ఎంతటిదో తెలుస్తుంది. పైగా "బొబ్బిలి యుద్ధం" ఆయన పుట్టిన సీమ కథ.

1992లో రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారంతో సత్కరించింది. 1999 అక్టోబరులో, 77 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. అన్న హనుమంతరావు గారు, కుమారుడు కోటి గారు కూడా సంగీత దర్శకులుగా పేరు తెచ్చుకున్నారు.

ఈసారి మన ఇంట్లో బృందావనం పాట వినిపించినప్పుడు, ప్రక్కన మనవడో మనవరాలో ఉంటే ఒక్క మాట చెబుదాం. ఈ పాట కట్టినవారిది మన సాలూరు ప్రాంతమని, కలకత్తాలో నేర్చుకున్నారని, వారి వరుసను బెంగాలీ పెద్ద ఒకరు బొంబాయి దాకా తీసుకువెళ్ళారని చెబుదాం. ఒకరి దగ్గర నేర్చుకోవడం చిన్నతనం కాదని పిల్లలకు అర్థమవుతుంది. రాజేశ్వరరావు గారికి మనం సమర్పించగల నివాళి అదే.